ఇంటిలో విద్యుద్రథము

పప్పు నానబోసి, పాలు తోడుపెట్టి, దీపము లార్పుటకు ముందు మా యింట నిపుడొక క్రొత్తపని చేరినది: వాకిట నిలిచిన కారునకు తీగ తగిలించుట. విద్యుత్తుతో నడచు కారు కొనదలచిన సోదరీమణులు మమ్మడుగు ప్రశ్న యొక్కటియే. ఉదయమున కచేరికి పోవువేళకు అది సిద్ధముగ నుండునా యని.

ఉండును. లెక్క చూడుడు. హైదరాబాదులో మా యింటినుండి కచేరికి 18 కిలోమీటర్లు, రానుపోను 36. చిన్నకారు యూనిటుకు సుమారు 7 కిలోమీటర్లు నడచును. నింపునపుడు కొంత వేడిమిగా పోవును గావున దినమునకు 6 యూనిట్లనుకొనుడు. 15 ఆంపియర్ల ప్లగ్గునుండి గంటకు రమారమి 3 యూనిట్లు వచ్చును. రెండుగంటల పని! బ్యాటరీ అడుగంటినచో రాత్రియంతయు పట్టును గాని, నిత్యము కచేరికి పోవువారి కట్టి యవసరము అరుదు.

యూనిటు 10 రూపాయలనుకొన్నను 60 రూపాయలే. లీటరుకు 15 కిలోమీటర్లు నడచు పెట్రోలుబండికి, లీటరు 100 రూపాయలైనను, అదే దూరమునకు 240 రూపాయలు. అయితే తెలంగాణమున నెలకు 200 యూనిట్లు దాటిన యిండ్లకు మొదటి యూనిట్ల వెలయు హెచ్చును. 25 దినములకు కారుపద్దే 150 యూనిట్లు గదా! వాహనమునకు వేరుమీటరు పెట్టించుకొను వీలు గలదు. ఏది లాభమో మీ బిల్లు చూచి తేల్చుకొనవలయును.

ఇక మేము చేసిన తప్పు దాచము. మొదటివారము వాషింగుమెషీను ప్లగ్గునకే పొడుగుతీగ తగిలించితిమి. మూడవరాత్రి రబ్బరు కమరిన వాసనకు లేచి చూతుము గదా, ప్లగ్గు చేయి పెట్టరాని వేడి! గీజరు పావుగంటలో నాగును. కారు అంతకు మించిన శక్తిని గంటలతరబడి లాగును. సన్నతీగయు, వదులైన ప్లగ్గును దానికి తాళజాలవు. పిమ్మట మీటరునుండి ప్రత్యేకముగ 4 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ లాగించి, మంచి ఎర్తింగు కట్టించి, షాకు ప్రాణాంతకము గాక మునుపే కరెంటును త్రెంచు ఆర్.సి.సి.బి. పెట్టించితిమి. ఈ ఖర్చునకు వెనుదీయరాదు.

ఇది నేటి వింత గాదు సుమా! హెన్రీ ఫోర్డు పెట్రోలుకార్లు లక్షలుగ నమ్ముచున్న కాలమున, ఆయన యిల్లాలు క్లారా 1914 నాటి డెట్రాయిట్ ఎలక్ట్రిక్ బండిని నడపెడిది.

పలువాటాల మేడలలో చిక్కు వేరు. బండి యొకచోట, మీటరు మరియొకచోట. ఉన్న కనెక్షనుతోనే ఇంట నింపుకొనవచ్చునని కేంద్రప్రభుత్వము 2022 జనవరిలో తెలిపినది గాని, అంతమాత్రమున పొరుగువారి భయము తీరునా? మా చెల్లెలు సంఘసభ యెపుడు కూడునాయని యెదురుచూచుచు, నింకను పెట్రోలే పోయించుకొనుచున్నది.