ఏరియలుకు బదులు డమ్మీ లోడు

కొత్తగా తయారుచేసిన ట్రాన్స్‌మిటరును వెంటనే ఏరియలుకు తగిలించరాదు. సర్దుబాటు పూర్తికాకముందే అది వెలువరించే తరంగాలు ఇతరుల సంభాషణలకు అడ్డు తగులుతవి. పోనీ, ఏమీ తగిలించకుండా నడిపితే చివరి అంచెలోని ట్రాన్సిస్టర్లు కాలిపోవచ్చును. అందుచేత శక్తిని తరంగాలుగా వదలక వేడిగా మార్చే 50 ఓముల నిరోధాన్ని ఏరియలు స్థానంలో ఉంచుతారు. దీనినే డమ్మీ లోడు అంటారు. ఇంట్లో చేసుకొనడం సులభమే కాని, ఇందులో ఒక గుణం కోసం మరొకటి వదులుకొనవలసి వస్తుంది.

తీగచుట్టు నిరోధం దీనికి పనికిరాదు. ఆ చుట్లవల్ల అధిక పౌనఃపున్యంలో అది ప్రేరకంగా ప్రవర్తిస్తుంది. కార్బన్ పొర నిరోధాలు మేలు. 1000 ఓముల, 2 వాట్ల నిరోధాలు 20 తీసికొని, గాలి తగిలేటట్లు ఎడంగా, సమాంతరంగా కలిపితే 50 ఓములు ఏర్పడుతుంది; మొత్తం 40 వాట్లు భరిస్తుంది. కాళ్ల ప్రేరకత్వం కూడా ఇట్లు పంపకమై తగ్గుతుంది.

అయితే నిరోధాలు పెరిగినకొద్దీ వాటి చుట్టూ కెపాసిటీ పెరుగుతుంది. ఇది మొత్తం 10 పికోఫారడ్లు అనుకొందాము. 14 మెగాహెర్ట్జ్ వద్ద దాని ప్రతిరోధం సుమారు 1100 ఓములు. 50 ఓముల పక్కన అది లెక్కలోనికి రాదు. 144 మెగాహెర్ట్జ్ వద్ద అదే సుమారు 110 ఓములకు దిగుతుంది. అప్పుడు లోడు 50 ఓములుగా ఉండదు.

ఎక్కువ శక్తి కావలెనంటే నిరోధాలను ఖనిజ నూనెలో ముంచవచ్చును. వేడిని నూనె లాగుకొంటుంది. కాని గాలికంటె నూనెలో కెపాసిటీ రెండింతలకు మించుతుంది. డబ్బా మూతకు ఆవిరి పోయే రంధ్రం తప్పక ఉండవలె.

శక్తిని కొలుచుటకు లోడు చివరలకు ఒక డయోడు, కెపాసిటరు కలిపి శిఖర వోల్టేజిని చూస్తారు. దాని వర్గాన్ని 100తో భాగిస్తే వాట్లు వస్తవి. 10 వాట్ల వద్ద శిఖరం 31.6 వోల్టులు. సిలికాన్ డయోడు 0.6 వోల్టు మింగినా 9.6 వాట్లు కనబడుతుంది. కాని 0.1 వాటు వద్ద శిఖరం 3.16 వోల్టులే, అప్పుడు కనబడేది 0.066 వాటు. అంటే మూడవ వంతు తప్పిపోయినది!

జెర్మేనియం డయోడు తక్కువ మింగుతుంది. అయితే 10 వాట్ల వద్దనే డయోడుపై ఎదురు వోల్టేజి 63 వోల్టులకు చేరుతుంది. అటువంటి డయోడ్లు చాలావరకు అంతకు మించి ఓర్వలేవు. వోల్టేజిలో కొంత భాగాన్నే డయోడుకు అందిస్తే అది బ్రతుకుతుంది. కాని మింగిన భాగం నిష్పత్తిలో మళ్ళీ పెద్దదవుతుంది.

కాబట్టి ఏ పౌనఃపున్యం వరకు, ఎన్ని వాట్ల నుండి ఎన్ని వాట్ల వరకు కొలువవలెనో ముందే నిర్ణయించుకొనవలె. ఆ హద్దులలో నమ్మదగినదైతే చాలును. హద్దులు తెలియని పరికరం చూపే అంకె ఎంత స్పష్టంగా కనబడినా దానిని నమ్మరాదు.