కోటి పేర్లయినా వరుసలో పెట్టొచ్చు

పెర్మిలి, సిరోంచ వైపు మన పేర్లు సర్కారు జాబితాల్లో మరాఠీలోనే ఉంటాయి. దుర్గం అన్న ఇంటిపేరును ఒకచోట సున్నతో, ఇంకోచోట 'మ'తో రాస్తారు. వరుసలో పెట్టగానే ఒకే ఇంటి అన్నదమ్ములు వేర్వేరు చోట్ల పడతారు. పేరు లేదనుకొని ఆఫీసుల చుట్టూ తిరగడం అక్కడే మొదలవుతుంది.

ఎక్సెల్ షీటులో 10,48,576 వరుసలే పడతాయి. 2024లో మహారాష్ట్ర ఓటర్లు 9 కోట్ల పైమాటే. ఇలాంటి పెద్ద ఫైళ్లకు డక్‌డిబి అనే ఉచిత లైబ్రరీ ఉంది, పైథాన్‌తో నడుస్తుంది. పెళ్లి పత్రికలు వేలల్లో ఉంటే మనం ఏం చేస్తాం? కట్టలుగా విడదీసి, ఒక్కో కట్టను సర్ది, తర్వాత పైనున్న పత్రికలనే పోల్చుకుంటూ ఒకటిగా కలుపుతాం. పద్ధతి ఇదే. మెమరీ చాలకపోతే కట్టలను డిస్కు మీద పెడుతుంది, కాబట్టి డిస్కులో జాగా ఉంచాలి.

క్రమసంఖ్యను అంకెగా మార్చకపోతే 2 కంటే 10 ముందొస్తుంది. తెలుగు జాబితా అయితే ఇంకో చిక్కు: కంప్యూటర్‌కు బడిలో నేర్చిన వర్ణమాల తెలియదు. ర వెంటనే ఱ, ల వెంటనే ళ వస్తాయి, క్ష పోయి క కింద చేరుతుంది.

దుర్గం సంగతికి మందు ఒక్కటే. పక్కన కొత్త గడి చేర్చి, అందులో చివరి సున్నను 'మ'గా మార్చి, ముందు ఊరు, తర్వాత ఆ గడి ప్రకారం సర్దాలి. అసలు గడిని మాత్రం ముట్టుకోవద్దు, సర్కారు కాగితంతో సరిచూసేది దాన్నే.