ప్రమాదకర గృహోపయోగ వస్తువుల అమ్మకంలో గుర్తింపుపత్ర నియమం: దాచేపల్లి ప్రాంత నేపథ్యంలో ఒక పరిశీలన

సారాంశం

యాసిడ్ కొనేవారు గుర్తింపుపత్రం చూపాలని సుప్రీంకోర్టు 2013 జూలై 18న ఆదేశించింది. పత్తి, మిరప సాగుచేసే దాచేపల్లి వంటి ప్రాంతాలలో యాసిడ్‌తో పాటు ఇళ్లలోకి చేరే మరొక తీవ్రమైన విషం పురుగుమందు. దాని అమ్మకానికి ఇటువంటి నియమం లేదు. ఈ రెండు వస్తువుల నియంత్రణను పక్కపక్కన ఉంచి, గుర్తింపుపత్ర నియమం ఏ రకమైన హానిని అడ్డుకోగలదో, ఏ రకమైన హాని ముందు నిస్సహాయమవుతుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇతరులకు హాని తలపెట్టినవారి విషయంలో ఈ నియమానికి ప్రయోజనం ఉందని, ఇంట్లో నిలవ ఉన్న విషం వల్ల కలిగే మరణాలను తగ్గించాలంటే వస్తువు తీవ్రతనే నియంత్రించాలని ఈ పరిశీలన తెలియజేస్తుంది.

కీలకపదాలు: గుర్తింపుపత్రం, యాసిడ్, పురుగుమందు, విషాల చట్టం, దాచేపల్లి, పల్నాడు, ప్రజారోగ్యం.

1. ప్రవేశిక

దాచేపల్లి పల్నాడు జిల్లా గురజాల రెవెన్యూ డివిజన్‌లోని మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడేవరకు ఇది గుంటూరు జిల్లాలో భాగం. అద్దంకి – నార్కట్‌పల్లి రహదారి ఈ ఊరి మీదుగా సాగుతుంది. చుట్టూ పత్తి, మిరప చేలు, సున్నపురాయి నిక్షేపాలు, వాటిపై ఆధారపడిన సిమెంటు పరిశ్రమ ఉన్నాయి. మండలంలోని పొందుగల వద్ద కృష్ణానదిని దాటితే తెలంగాణలోని వాడపల్లి వస్తుంది.

ఇటువంటి మండల కేంద్రంలో కిరాణా కొట్టు, హార్డ్‌వేర్ దుకాణం, ఎరువులు – పురుగుమందుల దుకాణం చుట్టుపక్కల పల్లెలన్నింటికీ ఆధారం. మరుగుదొడ్డి, గచ్చు కడిగే యాసిడ్, పత్తికి కొట్టే మందు, యూరియా బస్తా ఈ దుకాణాలలోనే దొరుకుతాయి. ఈ మూడింటి అమ్మకంలో కొనుగోలుదారుని చట్టం మూడు రకాలుగా చూస్తుంది. యాసిడ్‌కు గుర్తింపుపత్రం, కారణం రెండూ చెప్పాలి. యూరియాకు యంత్రం మీద వేలిముద్ర వేయాలి. పురుగుమందుకు బిల్లు తీసుకుంటే చాలు. ప్రమాదం ఆధారంగానే నియమాలు ఏర్పడి ఉంటే ఈ క్రమం ఇలా ఉండేది కాదు. ఈ వ్యత్యాసం ఎలా వచ్చింది? దానివల్ల ఎవరికి రక్షణ, ఎవరికి నష్టం? ఈ వ్యాసం ఈ రెండు ప్రశ్నలకు పరిమితం.

2. గుర్తింపు నియమం: చారిత్రక నేపథ్యం

విషం కొనేవాని పేరు రాసుకోవాలన్న ఆలోచన కొత్తది కాదు. బ్రిటన్‌లో 1851లో వచ్చిన ఆర్సెనిక్ చట్టం కొనుగోలుదారుని పేరు, చిరునామా, కొనే కారణం పుస్తకంలో నమోదు చేయాలని నిర్దేశించింది. అపరిచితునికి అమ్మవలసివస్తే, అమ్మేవానికి తెలిసిన సాక్షి ఎదుట ఉండాలి. ఆ చట్టంలోనే మరొక నిబంధన కూడా ఉంది. చిల్లరగా అమ్మే ఆర్సెనిక్‌లో మసి గాని నీలిమందు గాని కలపాలి. తెల్లని ఆ పొడి పిండిగానో పంచదారగానో పొరబాటుపడే అవకాశం అందువల్ల తగ్గుతుంది. అంటే తొలిదశలోనే చట్టం రెండు దారులు తొక్కింది: ఒకటి మనిషిని గుర్తించడం, రెండవది వస్తువును మార్చడం. తరువాతి కాలంలో మన దేశంలో మొదటి దారికి దక్కిన ప్రాధాన్యం రెండవదానికి దక్కలేదు.

భారతదేశంలో 1904 నాటి చట్టం స్థానంలో వచ్చిన 1919 విషాల చట్టం ఇప్పటికీ అమలులో ఉంది. విషాన్ని ఎవరికి అమ్మవచ్చు, ఒకరికి ఎంత పరిమాణం అమ్మవచ్చు, ఏ రిజిస్టర్లు ఉంచాలి, ఎలా భద్రపరచాలి అన్న విషయాలపై నియమాలు చేసే అధికారాన్ని ఈ చట్టం రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చింది. అధికారం రాష్ట్రాలది కావడంతో నియమాలు అన్నిచోట్లా ఒకే విధంగా రూపొందలేదు.

2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినులపై జరిగిన యాసిడ్ దాడి తెలుగు సమాజాన్ని కుదిపివేసింది. గాయపడినవారిలో ఒకరు ఆ నెలాఖరున మరణించారు. అంతకుముందే నిందితులు ముగ్గురూ పోలీసు కాల్పులలో చనిపోయారు. శిక్ష గురించి జరిగినంత చర్చ యాసిడ్ అంత సులభంగా ఎలా దొరుకుతున్నదన్న విషయం మీద జరగలేదు. 2009 జూలైలో లా కమిషన్ తన 226వ నివేదికలో యాసిడ్ దాడిని ప్రత్యేక నేరంగా గుర్తించాలని, దాని అమ్మకాన్ని కట్టడి చేయాలని సిఫారసు చేసింది. 2013లో భారత శిక్షాస్మృతిలో 326ఎ, 326బి సెక్షన్లు చేరాయి. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇవి 124వ సెక్షన్‌గా కొనసాగుతున్నాయి.

3. 2013 ఆదేశం: స్వరూపం, అమలు

ఢిల్లీలో 2005లో యాసిడ్ దాడికి గురైన లక్ష్మి 2006లో వేసిన పిటిషన్ మీద సుప్రీంకోర్టు 2013 జూలై 18న ఇచ్చిన ఆదేశంలోని ముఖ్యాంశాలు ఇవి:

(అ) కొన్నవారి వివరాలు, చిరునామా, పరిమాణం నమోదు చేసే రిజిస్టరు లేకుండా దుకాణంలో యాసిడ్ అమ్మరాదు.
(ఆ) చిరునామా ఉన్న ప్రభుత్వ ఫొటో గుర్తింపుపత్రం చూపి, కొనే కారణం చెప్పినవారికే అమ్మాలి.
(ఇ) 18 ఏళ్లు నిండనివారికి అమ్మరాదు.
(ఈ) అమ్మకందారు తన వద్ద ఉన్న నిల్వను 15 రోజులలో సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకు తెలియజేయాలి.
(ఉ) ఉల్లంఘించినవారికి 50,000 రూపాయల వరకు జరిమానా విధించవచ్చు.

దాచేపల్లికి సంబంధించి ఈ అధికారం గురజాల డివిజన్ స్థాయిలో ఉంటుంది. యాసిడ్ నిలవచేసే విద్యాసంస్థలు, ప్రయోగశాలలు, ఆసుపత్రులు కూడా రిజిస్టరు ఉంచి, అందుకు బాధ్యుడైన వ్యక్తిని నియమించాలని అదే ఆదేశం చెబుతున్నది. రసాయనశాస్త్ర ప్రయోగశాల ఉన్న ప్రతి కళాశాలకూ ఇది వర్తిస్తుంది కనుక అధ్యాపకులు ప్రత్యేకంగా గమనించదగిన అంశం.

ఈ నియమం మూడు పనులు చేస్తుంది. మొదటిది జాప్యం. కోపంలో దుకాణానికి వచ్చినవాడు కార్డు కోసం వెనక్కి వెళ్లవలసివస్తే ఆవేశం చల్లారే వ్యవధి దొరుకుతుంది. రెండవది హెచ్చరిక. తన పేరు పుస్తకంలోకి ఎక్కిందన్న స్పృహ నేరాలోచన ఉన్నవానిని వెనక్కి లాగవచ్చు. మూడవది ఆచూకీ. నేరం జరిగిన తరువాత దర్యాప్తుకు అది దారి చూపుతుంది. ఈ మూడూ కొనేవాడు వేరొకరికి హాని తలపెట్టినప్పుడు పనిచేసేవే.

అమలులో మాత్రం ఖాళీలు స్పష్టంగా కనిపిస్తాయి. గ్రామాలలో మరుగుదొడ్డి యాసిడ్‌ను సీసాలలో పోసి వీధుల వెంట తిరిగి అమ్మేవారికి దుకాణమే ఉండదు, ఇక రిజిస్టరు ఎక్కడిది? కిరాణా వ్యాపారికి అది సబ్బు, ఫినాయిలు పక్కన పెట్టుకునే సరుకు. నియమాలు చేసే అధికారం రాష్ట్రాలది గనుక, పొందుగల వంతెనకు ఒక వైపున నియమం ఎంత గట్టిగా అమలైనా రెండవ వైపున సడలితే ఫలితం ఉండదు. ఆన్‌లైన్ అమ్మకం మరొక ఖాళీ. 2022 డిసెంబరులో ఢిల్లీలోని ద్వారకా ప్రాంతంలో పాఠశాల విద్యార్థినిపై జరిగిన దాడిలో యాసిడ్‌ను ఆన్‌లైన్‌లో కొన్నారని పోలీసులు ప్రకటించారు.

అయినా నియమమే వ్యర్థమని తీర్మానించడం తొందరపాటు అవుతుంది. 2002లో దాదాపు 500 యాసిడ్ దాడులు నమోదైన బంగ్లాదేశ్ ఆ ఏడాదే రెండు చట్టాలు చేసింది. ఒకటి నేరానికి కఠినశిక్షలు నిర్దేశించింది. రెండవది యాసిడ్ దిగుమతి, రవాణా, నిల్వ, అమ్మకం అన్నింటినీ లైసెన్సు కిందికి తెచ్చింది. తరువాతి దశాబ్ద కాలంలో ఏటా నమోదయ్యే దాడులు వందలోపుకు తగ్గాయి. అక్కడ కట్టడి చిల్లర దుకాణంతో ఆగలేదు. సరుకు బయలుదేరే చోటు నుంచే మొదలైంది.

4. పురుగుమందు: గుర్తింపు సరిపోని చోటు

పురుగుమందుల విషయంలో 1968 నాటి కీటకనాశనుల చట్టం, 1971 నియమాలు అమలులో ఉన్నాయి. అమ్మేవారికి లైసెన్సు ఉండాలి, స్టాకు రిజిస్టరు ఉంచాలి, కొన్నవారికి బిల్లు ఇవ్వాలి. డబ్బా మీద విషతీవ్రతను తెలిపే వజ్రాకారపు గుర్తులో కింది భాగం ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగులలో ఒకటిగా ఉంటుంది. ఎరుపు అత్యంత తీవ్రమైనదానికి సంకేతం. ఈ వ్యవస్థ అమ్మేవానినీ, వస్తువునూ గుర్తిస్తుంది. కొనేవాని గుర్తింపుపత్రం చూడాలన్న షరతు ఇందులో లేదు.

అదే దుకాణంలో యూరియా కొనే రైతుకు మాత్రం గుర్తింపు తప్పదు. ఎరువుల రాయితీని అమ్మకం ఆధారంగా చెల్లించే పద్ధతిని 2016లో కృష్ణా, పశ్చిమగోదావరి జిల్లాలలో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, 2018 మార్చి నాటికి దేశమంతటికీ విస్తరించారు. ఆధార్, కిసాన్ క్రెడిట్ కార్డు, ఓటరు కార్డులలో ఒకటి చూపితే గాని బస్తా బయటికి రాదు. ఇక్కడ గుర్తింపు అడగడానికి కారణం రాయితీ సొమ్ము పక్కదారి పట్టకుండా చూడడం. ప్రజల ప్రాణాలకు సంబంధించిన ఆలోచన ఇందులో లేదు.

అయితే వేలిముద్ర యంత్రాన్నే పురుగుమందుకూ వాడితే సరిపోతుందా? ఇక్కడే రెండు వస్తువుల మధ్య తేడాను గుర్తించాలి. పురుగుమందు కొనే రైతు దుకాణదారుకు కొత్తవాడు కాడు. చాలాసార్లు అరువు మీద కొంటాడు గనుక ఆయన పేరు, ఊరు, ఎకరాలు వ్యాపారి ఖాతాపుస్తకంలో ముందే ఉంటాయి. ఆయన అవసరం న్యాయమైనది. గుర్తింపుపత్రం అడిగితే చూపి, మందు ఇంటికి తీసుకువెళతాడు. ప్రమాదం ఆ తరువాత మొదలవుతుంది. చల్లగా మిగిలిన మందు ఇంటి అరుగు మీదో, పశువులపాకలోనో, బియ్యం బస్తాల వెనుకనో వారాల తరబడి ఉంటుంది. దాన్ని ముట్టుకునేవారు కొన్నవారే కానక్కరలేదు. కుటుంబంలో పిల్లలు, వృద్ధులు, మనసు కష్టపెట్టుకున్న యువతీయువకులు ఎవరైనా కావచ్చు.

2013 జూలై 16న, అంటే యాసిడ్ ఆదేశానికి సరిగ్గా రెండు రోజుల ముందు, బీహార్‌లోని సారణ్ జిల్లా పాఠశాలలో మధ్యాహ్న భోజనం తిన్న పిల్లలలో 23 మంది మరణించారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసి ఉన్నట్లు ప్రయోగశాల పరీక్షలో తేలింది. ఆ మందును ఎవరు కొన్నారన్న వివరం ఎంత పక్కాగా నమోదై ఉన్నా ఆ పిల్లలకు రక్షణ లభించేది కాదు. ఆహారం ఉన్న చోటికి అంతటి తీవ్రమైన విషం చేరగలగడమే అక్కడి సమస్య. ఈ మందు వల్ల కలిగే అనారోగ్యంపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే భారతదేశానికి ప్రత్యేక నివేదిక సమర్పించింది. కూరగాయలపై దీని వాడకాన్ని 2005లోనే నిషేధించినా పత్తి వంటి పంటలకు అనుమతి కొనసాగింది. పత్తికి కొన్న డబ్బా కూరగాయల మడికి వెళ్లకుండా ఏ గుర్తింపుపత్రమూ ఆపలేదు. 2023లో కేంద్రప్రభుత్వ ఉత్తర్వు ఈ మందు 36 శాతం ద్రవరూపాన్ని నిషేధ పరిధిలోకి తెచ్చింది.

గుంటూరు, ప్రకాశం జిల్లాలకు ఈ చర్చ దూరమైనది కాదు. 1987–88లో తెల్లదోమ పత్తిపంటను నాశనం చేసినప్పుడు అప్పులపాలైన రైతులు ఈ జిల్లాలలో ప్రాణాలు తీసుకున్నారు. తెగులును ఆపుతుందని అప్పు చేసి కొన్న మందు ఇంట్లోనే ఉండడం ఆ విషాదంలో ఒక భాగం. ఆత్మహత్యలకు అప్పు, ధర, కౌలు వంటి లోతైన కారణాలు ఉన్నాయి. వాటికి మందుల నియంత్రణ ప్రత్యామ్నాయం కాదు. కాని సంక్షోభ క్షణంలో చేతికందే వస్తువు ఎంత విషపూరితమైనదన్న దాని మీద మనిషి బతికి బయటపడే అవకాశం ఆధారపడి ఉంటుంది.

ఈ విషయాన్ని శ్రీలంక అనుభవం బలపరుస్తుంది. అక్కడ 1995లో లక్ష జనాభాకు 47గా ఉన్న ఆత్మహత్యల రేటు 2005 నాటికి 24కు తగ్గింది. 1995లో అత్యంత తీవ్రమైన తరగతికి చెందిన పురుగుమందులను, 1998లో ఎండోసల్ఫాన్‌ను నిషేధించడం ఇందుకు ప్రధాన కారణమని పరిశోధకులు నిర్ధారించారు. నిషేధం వల్ల పంట దిగుబడులు పడిపోయిన దాఖలాలు కనిపించలేదు. మందును ఇంట్లో తాళం వేసి దాచుకునేందుకు పెట్టెలు పంచితే ఎలా ఉంటుందో కూడా అక్కడ 180 గ్రామాలలో, 53 వేలకు పైగా కుటుంబాలలో పరిశీలించారు. ఆ పెట్టెల వల్ల ఆత్మహత్యాయత్నాలు తగ్గలేదని 2017లో వెలువడిన ఫలితాలు తెలిపాయి. తాళంచెవి ఇంట్లోనే ఉంటుంది కదా!

5. 'మందు' అనే మాట

భాష కూడా ఈ ప్రమాదాన్ని కొంత కప్పిపుచ్చుతున్నది. తెలుగులో రోగానికి వేసుకునేదీ మందే, చేనుకు కొట్టేదీ మందే, ఎలుకలకు పెట్టేదీ మందే. యాసిడ్‌కు ఈ సౌకర్యం లేదు. ఆ పేరు వినగానే కాలుతుందన్న భయం కలుగుతుంది. పురుగుమందు మాత్రం చేనుకు వైద్యంగా, రైతుకు ఆశగా ఇంట్లోకి వస్తుంది. 1919 చట్టం 'విషం' అన్నదానిని 1968 చట్టం 'కీటకనాశని' అన్నది, వ్యవహారం 'మందు' అన్నది. పేరు మెత్తబడిన కొద్దీ జాగ్రత్త కూడా సడలడం సహజం. డబ్బా మీది రంగు గుర్తుల అర్థాన్ని రైతుకు తెలుగులో విడమరచి చెప్పే బాధ్యత అందువల్ల మరింత ముఖ్యమవుతుంది. హైదరాబాదులోని 'మేనేజ్' సంస్థ పురుగుమందుల వ్యాపారుల కోసం నడిపే ఏడాది డిప్లొమా కోర్సు ఇందుకు తగిన వేదిక.

6. ముగింపు

పై పరిశీలన నుంచి ఈ నిర్ధారణలు చేయవచ్చు.

గుర్తింపుపత్ర నియమం 'ఎవరు కొన్నారు' అన్న ప్రశ్నకు సమాధానం. యాసిడ్ వంటి వస్తువును ఆయుధంగా వాడదలచినవారి విషయంలో ఆ ప్రశ్న సరైనది. అయితే నియమం చిల్లర కొట్టు దగ్గర ఆగిపోకుండా తయారీదారు, టోకు వ్యాపారి, ఆన్‌లైన్ అమ్మకం వరకు విస్తరించాలి. సరిహద్దు మండలాలలో రెండు రాష్ట్రాల నియమాలు ఒకే విధంగా అమలు కావాలి.

పురుగుమందు విషయంలో అడగవలసిన ప్రశ్న 'ఏది అమ్ముతున్నారు' అన్నది. కొన్న రైతు పేరు నమోదు చేయడం నకిలీ మందులపై ఫిర్యాదుకు, పరిహారానికి సాక్ష్యంగా పనికివస్తుంది. ఆ మేరకు బిల్లు రైతుకే రక్షణ. ప్రాణరక్షణకు మాత్రం తీవ్రతరగతి మందులను మార్కెట్టు నుంచి తొలగించడం, అవసరానికి మించి నిలవ పడకుండా చిన్న పరిమాణాలలో అమ్మడం, ఖాళీ డబ్బాలను వెనక్కి తీసుకోవడం వంటి చర్యలు అవసరం. దుకాణం గోడ మీద ధరల పట్టికతో పాటు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయకేంద్రం టెలిమానస్ సంఖ్య 14416 కూడా కనిపించేలా ఉంచడం ఖర్చులేని పని.

1851 నాటి చట్టం పేరు రాయించడంతో పాటు మసి కూడా కలపమన్నది. మనిషిని నమోదు చేయడం, వస్తువును మార్చడం అనే రెండు పద్ధతులలో ఏ విషానికి ఏది ఎంత మేరకు అవసరమో నిర్ణయించడం నేటి విధానకర్తల ముందున్న పని. దాచేపల్లి వంటి మండలాలలో యాసిడ్ రిజిస్టర్ల స్థితి, పురుగుమందుల నిలవ అలవాట్లు, బిల్లుల వాడకం వంటి అంశాలపై క్షేత్రస్థాయి పరిశోధన జరిగితే ఆ నిర్ణయానికి గట్టి ఆధారం సమకూరుతుంది.