ఫిట్‌నెస్ బ్యాండ్ కొంటున్నారా? ముందు మీ అవసరం ఏమిటో చూసుకోండి



ఈ మధ్య ఓపీకి వచ్చేవారిలో చాలామంది చేతికి నల్లని రబ్బరు పట్టీ ఉన్న చిన్న వాచీ కనబడుతున్నది. కొందరికి కువైట్‌లో ఉన్న కొడుకు పంపినది, మరికొందరికి హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉద్యోగం చేసే కూతురు కొనిచ్చినది. బి.పి. చూడడానికి చేయి చాపమంటే, "ఎందుకు సార్, పొద్దున్నే వాచీలో చూసుకున్నాను, 120 ఉంది" అనేవారున్నారు. మిషను పట్టీ కట్టి చూస్తే 160 ఉండవచ్చు. వాచీ మాట నమ్మి మాత్రలు మానేసిన మనిషికి ఆ తేడా పక్షవాతం వరకు తీసుకుపోగలదు.

ఈ వాచీలు చెడ్డవి కావు. సరిగా వాడుకుంటే మనిషిని కుర్చీలో నుంచి లేపి నడిపిస్తాయి. అయితే అది ఏమి కొలవగలదు, ఏమి కొలవలేదు అన్నది తెలియకుండా కొంటే డబ్బు పోవడమే కాదు, ఆరోగ్యానికి కూడా నష్టం. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల అంగళ్లలో వెయ్యి రూపాయల నుంచి పదివేలు దాటే వరకు రకరకాలు దొరుకుతున్నాయి గనుక, కొనే ముందు తెలుసుకోవలసిన విషయాలు ఈ వ్యాసంలో చెబుతున్నాము.

ఇది ఎలా పని చేస్తుంది?

బ్యాండ్ లోపల కదలికను గుర్తించే చిన్న సెన్సారు ఉంటుంది. నడిచేటప్పుడు చేయి ఊగుతుంది. ఆ ఊపులను బట్టి అది అడుగులను లెక్కిస్తుంది. అంటే అది చూసేది మీ కాళ్లను కాదు, మీ చేతిని. అందుకే నీళ్ల బిందె పట్టుకొని నడిచినా, తోపుడు బండి నెట్టినా కొన్ని అడుగులు లెక్కలోకి రావు. గతుకుల రోడ్డు మీద మోటారు సైకిల్ నడిపినా, బట్టలు ఉతికినా, మగ్గం మీద కూర్చొని చేయి ఆడించినా నడవని అడుగులు చేరవచ్చు.

వాచీ అడుగు భాగంలో పచ్చని వెలుతురు మిణుకుమంటూ ఉంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా చర్మం కింద సన్నని నాళాలలో రక్తం పెరిగి తగ్గుతుంది. తిరిగి వచ్చే వెలుతురులో ఆ హెచ్చుతగ్గులను చూసి నాడి నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటున్నదో లెక్కిస్తుంది. పట్టీ వదులుగా ఉన్నా, చెమట పట్టినా, చేయి గట్టిగా కదులుతున్నా ఈ లెక్క తప్పుతుంది.

దేనిని ఎంతవరకు నమ్మవచ్చు?

అడుగులు: మామూలుగా నడిచేవారికి ఫరవాలేదు. ఒక్కొక్క అడుగు సరిగా లెక్కించకపోయినా, నిన్నటికి ఈ రోజుకు తేడా తెలుస్తుంది. మనకు కావలసినది అదే.

నాడి: కదలకుండా కూర్చున్నప్పుడు చాలావరకు సరిగా చూపుతుంది. విశ్రాంతిలో పెద్దవారికి నిమిషానికి 60 నుంచి 100 వరకు ఉండడం సాధారణం.

కేలరీలు: ఈ అంకెను పట్టించుకోకండి. 2017లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు 7 రకాల పరికరాలను పరీక్షించారు. వాటిలో 6 నాడిని దాదాపు సరిగానే చూపాయి. కేలరీల దగ్గర మాత్రం అన్నిటికన్నా మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పు చెప్పింది. "500 కేలరీలు ఖర్చయ్యాయి గదా" అని రెండు కారం దోసెలు ఎక్కువ తింటే బరువు తగ్గదు.

నిద్ర: ఎన్ని గంటలు పడుకున్నారో సుమారుగా చెబుతుంది. గాఢ నిద్ర ఎంత, కలత నిద్ర ఎంత అన్నది అంచనా మాత్రమే. ఆ అంకె చూసి దిగులుపడి ఉన్న నిద్ర పోగొట్టుకోవద్దు.

ఆక్సిజన్: 2020, 2021లో కరోనా సమయంలో ఈ అంకె అందరికీ పరిచయమైంది. ఆస్తమా, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారు వాచీ మీద కాక, వేలికి పెట్టే ఆక్సీమీటరు మీద ఆధారపడడం మంచిది. అదికూడా గోళ్ల రంగు లేని వేలికి పెట్టి చూడాలి.

బి.పి.: చవక వాచీలు చూపే బి.పి. అంకెను బట్టి మాత్ర వేసుకోవడం గాని, మానడం గాని చేయకూడదు. కొన్ని ఖరీదైన వాచీలకు కూడా ముందుగా చేతికి కట్టే మిషనుతో లెక్క సరిచూపించాలి. చేతి పట్టీ లేని ఇటువంటి పరికరాలను రోగ నిర్ధారణకు, వైద్య నిర్ణయాలకు వాడవద్దని యూరప్‌లోని హైపర్‌టెన్షన్ నిపుణుల సంఘం 2022లో సూచించింది.

షుగర్: సూది గుచ్చకుండా షుగర్ చూపుతామనే వాచీలను, ఉంగరాలను కొనకండి. అటువంటి ఏ పరికరానికీ తాము అనుమతి ఇవ్వలేదని, వాటిని వాడవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. తప్పు అంకె చూసి ఇన్సులిన్ ఎక్కువ వేసుకుంటే ప్రాణానికే ప్రమాదం. చేతి మీద అంటించి, సన్నని తీగ చర్మం కిందికి పోయే సెన్సారు వేరు. అది డాక్టరు సలహా మీద వాడేది.

ఇ.సి.జి.: కొన్ని ఖరీదైన వాచీలలో ఈ సౌకర్యం ఉన్నది. గుండె లయ తప్పడాన్ని కొంతవరకు పట్టుకుంటుంది గాని గుండెపోటును గుర్తించలేదు. ఈ మాట బాగా గుర్తుంచుకోవాలి.

10,000 అడుగులు తప్పనిసరా?

చాలా వాచీలు రోజుకు 10,000 అడుగులు అని లక్ష్యం పెడతాయి. ఈ అంకె వైద్య పరిశోధన నుంచి వచ్చినది కాదు. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ నడుముకు తగిలించుకొనే అడుగుల లెక్క యంత్రాన్ని అమ్మింది. దాని పేరు "మాన్పో కెయ్", అంటే పదివేల అడుగుల మీటరు. ఆ పేరులోని అంకె లోకమంతా పాకింది.

2019లో అచ్చయిన ఒక అమెరికా పరిశోధనలో సగటున 72 ఏళ్ల వయస్సున్న 16,741 మంది స్త్రీలను గమనించారు. రోజుకు 2,700 అడుగులు నడిచిన వారికంటే 4,400 అడుగులు నడిచిన వారిలో మరణాలు సుమారు 40 శాతం తక్కువగా ఉన్నాయి. 7,500 దాటిన తరువాత అదనపు మేలు పెద్దగా కనబడలేదు. కాబట్టి ఇంట్లో 2,000 అడుగులు మాత్రమే నడిచే అవ్వ 4,000కు చేరితే అది చాలా గొప్ప విషయం. 10,000 కాలేదని బాధపడనవసరం లేదు.

పెద్దవారు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వేగంతో శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అంటే వారానికి 5 రోజులు, రోజుకు అరగంట నడక. నిమిషానికి సుమారు 100 అడుగులు పడితే అది ఓ మోస్తరు వేగం. నడుస్తూ మాట్లాడగలగాలి, కాని పాట పాడలేకపోవాలి. ఈ పరీక్షకు వాచీ అక్కరలేదు.

ఎవరికి ఏది సరిపోతుంది?

షుగర్ ఉన్నవారికి: అడుగులు లెక్కపెట్టి, ఎక్కువసేపు కూర్చుంటే గుర్తుచేసే మామూలు బ్యాండ్ చాలు. 2016లో న్యూజిలాండ్‌లో జరిగిన ఒక పరిశోధనలో, రోజులో ఒకేసారి అరగంట నడిచినప్పటికంటే ప్రతి భోజనం తరువాత 10 నిమిషాలు నడిచినప్పుడు తిన్న తరువాతి షుగర్ ఎక్కువగా తగ్గింది. సంగటి తిని మంచం ఎక్కకుండా వీధి చివరి వరకు నడిచి రండి. కాళ్లలో స్పర్శ తగ్గినవారు చెప్పులు లేకుండా నడవకూడదు. నడక తరువాత పాదాలు, వేళ్ల సందులు చూసుకోవాలి. ఇన్సులిన్ గాని, షుగర్ బాగా తగ్గించే మాత్రలు గాని వాడేవారు జేబులో కొంచెం చక్కెర పెట్టుకోవాలి. షుగర్ లెక్కకు గ్లూకోమీటరే వాడాలి.

బి.పి. ఉన్నవారికి: చేతిలో రెండు వేల రూపాయలే ఉంటే బ్యాండ్ కొనకండి. మోచేతి పైభాగానికి కట్టే డిజిటల్ బి.పి. మిషను కొనండి. 5 నిమిషాలు నెమ్మదిగా కూర్చొని, వీపు ఆనించి, చేయి గుండె ఎత్తులో ఉంచి చూసుకోండి. అంకెలు పుస్తకంలో రాసి ఓపీకి తీసుకొని రండి.

గుండె జబ్బు ఉన్నవారికి: ఎంత శ్రమ చేయవచ్చో ముందు డాక్టరు చెప్పాలి. 220 నుంచి వయస్సు తీసివేస్తే వచ్చేది నాడికి సుమారు గరిష్ఠ పరిమితి. 50 ఏళ్ల మనిషికి అది 170. ఓ మోస్తరు శ్రమలో నాడి 110 నుంచి 130 వరకు ఉంటుంది. అయితే మెటోప్రొలాల్, అటెనొలాల్ వంటి మాత్రలు నాడిని తగ్గిస్తాయి. అవి వాడేవారికి ఈ లెక్క వర్తించదు. వాచీ చెప్పిన అంకె చేరుకోవాలని వారు పరుగెత్తకూడదు. పేస్‌మేకరు ఉన్నవారు వాచీని, దాని అయస్కాంతపు చార్జరును ఛాతీకి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి. కొనే ముందు డాక్టరును అడగాలి.

ఒంటరిగా ఉండే పెద్దవారికి: పిల్లలు దూరదేశంలో ఉంటే, మనిషి కింద పడినప్పుడు కబురు పంపే వాచీ ఉపయోగపడవచ్చు. ఇవి ఖరీదైనవి. దగ్గర్లో ఫోను గాని, వాచీలోనే సిమ్ గాని ఉంటేనే కబురు పోతుంది. పడిన ప్రతిసారీ గుర్తించకపోవచ్చు కూడా. కాబట్టి రోజూ ఒకసారి పలకరించే పొరుగువారిని ఏర్పాటు చేసుకోవడం మానవద్దు. స్నానాల గది నున్నటి బండల మీద రబ్బరు చాప వేయడం, రాత్రి చిన్న లైటు వెలిగించి ఉంచడం ఇంకా ముఖ్యం.

పొలం పని చేసేవారికి: చీనీ తోటలోనో, అరటి తోటలోనో రోజంతా తిరిగే రైతుకు, కూలి పనికి పోయే తల్లికి అడుగుల లెక్క అవసరం లేదు. వారికి కావలసినది ఎండలో నీళ్లు, నీడ, విశ్రాంతి.

కూర్చొని పని చేసేవారికి: మగ్గం పని, బంగారు పని, అంగడి గల్లా దగ్గర పని చేసేవారికి, ఆఫీసు ఉద్యోగులకు గంటకొకసారి లేపే బ్యాండ్ మేలు చేస్తుంది. వేసవిలో మన జిల్లాలో 40 డిగ్రీలు దాటుతుంది గనుక నడక తెల్లవారుజామునో, పొద్దుగూకిన తరువాతో పెట్టుకోవాలి.

కొనే ముందు అంగడిలో చూడవలసినవి

1. అంకెలు కళ్లద్దాలు లేకుండా, ఎండలో కూడా కనబడుతున్నాయా?
2. చార్జింగు ఎన్ని రోజులు వస్తుంది? మామూలు బ్యాండ్లు వారం, పది రోజులు వస్తాయి. ఖరీదైన వాచీలు కొన్నిటికి రోజూ పెట్టాలి.
3. మీ ఫోనుతో కలుస్తుందా? అంగడిలోనే కలిపి చూపించమనండి.
4. 100 అడుగులు మీరే లెక్కపెట్టుకుంటూ నడవండి. బ్యాండ్ 90 నుంచి 110 లోపల చూపితే ఫరవాలేదు.
5. మణికట్టు దగ్గర వేళ్లతో నాడి పట్టుకొని 30 సెకన్లు లెక్కించి రెట్టింపు చేయండి. వాచీ అంకెతో పోల్చండి.
6. వాచీని నీళ్ల బాటిలుకో, అరటికాయకో కట్టి చూడండి. నాడి చూపే వాచీలు కొన్ని ఉన్నాయి! పచ్చని వెలుతురు దేని మీద పడి తిరిగి వచ్చినా అవి ఏదో ఒక అంకె చూపుతాయి. అప్పుడు కూడా బి.పి. చూపితే, మీ చేతికి కట్టినప్పుడు చూపే బి.పి. కూడా మీది కాదు.
7. బిల్లు, వారంటీ కార్డు అడిగి తీసుకోండి.

అసలు కొనాలా అన్న సందేహం ఉంటే, మీ స్మార్ట్ ఫోనులోనే అడుగులు లెక్కించే యాప్ పెట్టించుకొని, నెల రోజులు జేబులో పెట్టుకొని నడవండి. నెల తరువాత కూడా నడుస్తూ ఉంటే అప్పుడు బ్యాండ్ కొనుక్కోవచ్చు.

కొన్న తరువాత

మొదటి వారం ఏమీ మార్చకుండా మామూలుగా ఉండి, రోజుకు ఎన్ని అడుగులు అవుతున్నాయో రాసుకోండి. తరువాత ఒక్కొక్క వారం రోజుకు 500 అడుగులు పెంచండి. పట్టీని మణికట్టు ఎముకకు ఒక వేలు పైన, జారకుండా, మచ్చ పడనంత వదులుగా కట్టుకోండి. చెమటకు చర్మం దురద పెడుతుంది గనుక రోజూ తీసి కడిగి, ఆరబెట్టి కట్టుకోండి. దద్దురు వస్తే మానేయండి.

ఈ లక్షణాలు ఉంటే వాచీ చూడకండి

ఛాతీలో నొప్పి లేదా బరువు, నొప్పి ఎడమ చేతికి గాని దవడకు గాని పాకడం, చల్లని చెమట, ఆయాసం, ముఖం ఒక పక్కకు వంకరపోవడం, ఒక చేయి లేదా కాలు పడిపోవడం, మాట తడబడడం, స్పృహ తప్పడం. వీటిలో ఏది కనబడినా వాచీలో అంకెలు ఎంత బాగున్నా సరే, వెంటనే 108కి ఫోను చేయండి, లేదా దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకొని వెళ్లండి. షుగర్ ఉన్నవారిలో, స్త్రీలలో గుండెపోటు ఒక్కొక్కసారి నొప్పి లేకుండా ఆయాసంగానో, వాంతిగానో వస్తుందని కూడా గుర్తుంచుకోండి.

ఈసారి ఓపీకి వచ్చినప్పుడు మీ వాచీ కూడా తీసుకొని రండి. మిషనుతో బి.పి. చూసి, పక్కనే వాచీ అంకె కూడా రాసి పోల్చుకోవచ్చు. దూరంలో ఉన్న మీ పిల్లలు ఏమి పంపాలని అడిగితే, ఇంట్లో బి.పి. మిషను లేకపోతే ముందు అదే పంపమని చెప్పండి.