టార్గెట్ దొరికింది, మందేదీ?

షోలాపూర్ తూర్పు పేటల్లో తెలుగు పద్మశాలీలు తరాలుగా చద్దర్లు, టవళ్లు నేస్తున్నారు. మగవాళ్లు పవర్‌లూమ్ కార్ఖానాకు పోతే, చాలా ఇళ్లలో ఆడవాళ్లు బీడీలు చుడతారు. ఇలాంటి చోట దగ్గు రెండు వారాలు దాటితే ముందుగా వచ్చే అనుమానం టీబీ. 2023లో ప్రపంచంలో 1.08 కోట్ల మంది టీబీ బారిన పడ్డారనీ, అందులో 26 శాతం, అంటే సుమారు 28 లక్షల మంది, మన దేశంవాళ్లేననీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

అందుకే ‘ఏఐ కొత్త టార్గెట్ కనిపెట్టింది’ అన్న వార్త వస్తే చెవులు రిక్కిస్తాం. టార్గెట్ అంటే మందు వెళ్లి పట్టుకోవాల్సిన ప్రొటీన్. టీబీ మందు రిఫాంపిసిన్ పట్టుకునేది క్రిమిలోని ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ అనే ప్రొటీన్‌ను.

వెతకాల్సిన మేర ఎంత? 1998లో టీబీ క్రిమి జీనోమ్ మొత్తం చదివారు: 44 లక్షల అక్షరాలు, దాదాపు 4,000 జన్యువులు. 2003లో జన్యువులను చెడగొడుతూ చూస్తే, సరిగా పెరగడానికి 614 అవసరమని తేలింది. మనిషి ప్రొటీన్లను పోలినవాటిని వాటిలోంచి తీసేయాలి, లేకుంటే దెబ్బ మనకే. ఆ పైన, మందు అణువు ఇమిడే గుంట దేనికుందో చూడాలి.

ఈ జల్లెడను మన దగ్గర ఒకప్పుడు మనుషులే పట్టారు. సీఎస్‌ఐఆర్ 2008లో మొదలుపెట్టిన ‘ఓపెన్ సోర్స్ డ్రగ్ డిస్కవరీ’ కింద వందలమంది విద్యార్థులు పరిశోధన పత్రాలు చదివి, జన్యువు జన్యువుకీ తెలిసిందంతా రాసిపెట్టారు. ఇప్పుడు ఏఐ సాధనాలు పబ్‌మెడ్ అనే వైద్య పత్రాల సూచికలోని 3.5 కోట్లకు పైగా ఉన్న పత్రాల వివరాలను తిరగేసి, నిమిషాల్లో వరస పేర్చి ఇస్తాయి. 20 కోట్లకు పైగా ప్రొటీన్ల ఆకారాల అంచనాలు ఆల్ఫాఫోల్డ్ డేటాబేస్‌లో ఉచితంగానే దొరుకుతాయి. కాకపోతే ఎక్కువమంది రాసిన జన్యువే జాబితాలో పైకొస్తుంది. పనేమిటో ఇంకా తెలియని జన్యువులు అడుగునే ఉండిపోతాయి.

అసలు చిక్కు ఆ తర్వాతే. ఏఐ రాకముందే, 1995–2001 మధ్య గ్లాక్సోస్మిత్‌క్లైన్ కంపెనీ బ్యాక్టీరియా జన్యువులు 300కు పైగా పరిశీలించి, 67 టార్గెట్ల మీద లక్షల రసాయనాలు పరీక్షించింది. ముందుకు తీసుకెళ్లదగ్గవి మిగిలింది అయిదే. కొన్నింటికి ప్రొటీన్‌ను పట్టుకునే అణువులు దొరికినా, క్రిమి గోడ దాటి లోపలికి పోవడం పెద్ద అడ్డంకి అయింది. టీబీ క్రిమి గోడ మైనం పూసినట్టుంటుంది, ఇంకా కష్టం. 2012లో అమెరికా అనుమతి పొందిన టీబీ మందు బెడాక్విలిన్ కథ పూర్తిగా తలకిందులు. ముందు టీబీ క్రిమికి చుట్టమైన బతికున్న బ్యాక్టీరియా మీద రసాయనాలు వేసి, చంపేదాన్ని ఏరారు. అది క్రిమికి శక్తి తయారుచేసే ఏటీపీ సింథేజ్‌ను ఆపుతోందని ఆ తర్వాత తెలిసింది.

అయితే ఏఐని తీసిపారేయలేం. ఊపిరితిత్తులు గట్టిపడే ఐపీఎఫ్ అనే జబ్బులో టీఎన్‌ఐకే అనే టార్గెట్‌ను ఇన్‌సిలికో మెడిసిన్ సంస్థ ఏఐతోనే గుర్తించింది. రెంటోసెర్టిబ్ మందును 71 మంది మీద 12 వారాలు పరీక్షించి, 2025లో ఫలితాలు ప్రచురించింది. రోజుకు 60 మిల్లీగ్రాములు తీసుకున్నవాళ్లలో ఊపిరి సామర్థ్యం సగటున 98.4 మిల్లీలీటర్లు పెరిగింది, ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లలో 20.3 తగ్గింది. ఆశ పుట్టించే అంకెలే. కానీ ఆ మోతాదు తీసుకున్నది 18 మంది. ఇంత చిన్న గుంపుతో సంబరం తొందరపాటే.

ఇక మళ్లీ కార్ఖానాకే వస్తే, నూలు దుమ్ముతో వచ్చే బిస్సినోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బుకు ఈ టార్గెట్ల వెతుకులాట పెద్దగా అక్కరకు రాదు. సెలవు తర్వాత పనికెళ్లిన మొదటి రోజు ఛాతీ పట్టేయడం దాని గుర్తు. ఇన్‌హేలర్లు కాస్త ఉపశమనమిస్తాయి, కానీ కారణం గాలిలోనే ఉంది. అమెరికా 1978లో ఘనపు మీటరు గాలిలో నూలు దుమ్ముకు హద్దు పెట్టింది: నూలు వడికేచోట 200 మైక్రోగ్రాములు, నేసేచోట 750. దాన్ని కొలవడానికి గాలి పీల్చే పంపు, పెద్ద రేణువులను వేరుచేసే గొట్టం, వడపోత, త్రాసు ఉంటే చాలు.