పుర్రచేయి అని పిల్లను కొట్టకండి!

పసిపిల్ల అన్నంలోకి ఎడమచెయ్యి చాపితే చాలు, మన ఇళ్లలో ఎవరో ఒకరు ఆ చేతిమీద చటుక్కున ఒక్కటి వేస్తారు. "పుర్రచేయేందే! రేపు అత్తారింట్లో మమ్మల్ని తిట్టిస్తావా?" అని. మగపిల్లాడికైతే ఆ దెబ్బ కాస్త మెల్లగా పడుతుందనుకోండి! తాంబూలం ఇవ్వాలన్నా, వడ్డించాలన్నా కుడిచేయే కావాలి. కాదనను, పద్ధతి పద్ధతే. కానీ అన్నం తినే చేయి వేరు, బంతి విసిరే చేయి వేరు. రెండూ కలిపేసి, పిల్లకు పుట్టుకతో వచ్చిన వాటాన్నే మాన్పించేస్తే ఏం పోగొట్టుకుంటామో మన సీమ ఆడపిల్లల్ని చూస్తే తెలుస్తుంది.

మా అనంతపురం జిల్లా నార్పల మండలంలో బండ్లపల్లి అని ఒక ఊరుంది. 2006 ఫిబ్రవరి 2న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ గారు ఉపాధి హామీ పథకాన్ని మొదలుపెట్టింది ఆ ఊళ్లోనే. అక్కడే ఎందుకంటే ఏం చెప్పేది! ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదీ అదను తప్పిందంటే శెనక్కాయ చేను నిలువునా ఎండిపోతుంది. అలాంటి ఊరి రైతు బిడ్డ బారెడ్డి అనూష. ఎడమచేత్తో స్పిన్ వేస్తుంది.

అనంతపురంలో ఆర్డీటీ వాళ్ల స్పోర్ట్స్ అకాడమీలో ఆ పిల్ల ఆట నేర్చుకుంది. 1969లో విన్సెంట్ ఫెర్రర్ గారు ఇక్కడికి వచ్చి మొదలుపెట్టిన సంస్థ అది. బళ్లు, ఆస్పత్రులు, ఇళ్లు కట్టించిన సంగతి అందరికీ తెలుసు. కరువు జిల్లాలో పచ్చటి ఆటస్థలమేంటని ముక్కున వేలేసుకున్నవాళ్లూ ఉంటారు. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు ఆడింది ఆ మైదానంలోనే మరి!

2023 జులై 9న బంగ్లాదేశ్‌లోని మీర్‌పూర్‌లో అనూష ఇండియా తరఫున మొదటి టీ20 ఆడింది. అప్పటికి ఇరవై ఏళ్లు. ఆరోజు వికెట్ పడలేదు. రెండు రోజుల తర్వాత మళ్లీ మ్యాచ్. మనవాళ్లు చేసింది 95 పరుగులే! ఇంక పోయిందనుకున్న ఆట. మన స్పిన్నర్లు తిప్పేసి వాళ్లను 87కే ఆలౌట్ చేశారు. అందులో ఒక వికెట్ అనూషది. అదే ఏడాది సెప్టెంబరులో ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చిన జట్టులోనూ మా పిల్ల ఉంది.

ఎడమచేతి స్పిన్‌కు అంత విలువ దేనికంటారా? బ్యాట్ పట్టేవాళ్లలో ఎక్కువమందిది కుడిచేతి వాటం. వాళ్లకు ఈ బంతి నేలమీద పడి బయటికి తిరుగుతుంది. బ్యాట్ అంచుకు తగిలిందా, క్యాచ్! పైగా ఎడమచేతి వాళ్లు తక్కువ కాబట్టి అలాంటి బంతికి కళ్లు అలవాటు పడవు.

అనూష ఒక్కతే కాదు. ఆదోని అమ్మాయి అంజలి శర్వాణి ఎడమచేత్తో ఫాస్ట్ బౌలింగ్ వేస్తుంది, 2022 డిసెంబరులో ఆస్ట్రేలియా మీద ఇండియాకు ఆడింది. కడప జిల్లా శ్రీచరణి 2025 ప్రపంచకప్‌లో 14 వికెట్లు తీసింది, నవంబరు 2న కప్పు మనది. ఆ అమ్మాయిదీ ఎడమచేతి స్పిన్నే.

అమెరికాలో ఇంకో చిత్రం. వాళ్ల ఫుట్‌బాల్‌లో బంతి రెండు కొసలూ మొనదేలి ఉంటుంది, చేత్తో విసురుతారు. జట్టును నడిపిస్తూ ఆ బంతి విసిరే అతన్ని క్వార్టర్‌బ్యాక్ అంటారు. హవాయిలో పుట్టిన టువా టాగోవైలోవా అనే అబ్బాయిది నిజానికి కుడిచేతి వాటం. తండ్రిది ఎడమచేయి. ఆయన పట్టుబట్టి కొడుక్కి చిన్నప్పుడే ఎడమచేత్తో విసరడం నేర్పాడు. మన ఇళ్లకు సరిగ్గా తిరగేసి! 2018 జనవరిలో కాలేజీల ఫైనల్లో అలబామా జట్టు వెనకబడి ఉంటే సగం ఆటప్పుడు ఆ పిల్లాణ్ణి దింపారు. చివర్లో 41 గజాల బంతి విసిరి 26-23తో గెలిపించాడు. 2020లో మయామి డాల్ఫిన్స్ జట్టులో చేరాడు. ఆ తర్వాత ఆటలో తలకు పదేపదే దెబ్బలు తగిలాయి. కన్నతల్లి ఎలా చూసి ఓర్చుకుందో గానీ! అన్నట్టు, అతను తినేదీ రాసేదీ కుడిచేత్తోనే.

కాబట్టి ముద్ద కుడిచేత్తో కలపడం నేర్పండి, అదీ నవ్వుతూ. బలపం మాత్రం పిల్ల ఏ చేత్తో పడితే ఆ చేత్తోనే రాయనివ్వండి. బడిలో బెంచీకి ఎడమ కొసన కూర్చోబెట్టమని టీచరుకు చెప్పండి, పక్కపిల్ల మోచెయ్యి తగలదు. మామూలు కత్తెర కుడిచేతివాళ్లకని చేసింది, ఎడమచేత్తో సరిగా తెగదు. విసుక్కోకండి. వేసవి సెలవుల్లో ఒక రబ్బరు బంతి కొనిచ్చి, పిల్ల ఏ చేత్తో విసురుతుందో నాలుగు రోజులు ఊరికే చూడండి. అమ్మమ్మలు, నాయనమ్మలు ఏమైనా అంటే బండ్లపల్లి పిల్ల సంగతి చెప్పండి!