గోడలు లేని చావడి

మూసీనదిపై పురానాపూల్ వంతెనను 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కట్టించెను. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకొన్న ప్రభువు ఇతడే. అద్దంకి గంగాధరకవి రచించిన తపతీసంవరణోపాఖ్యానమునకు కృతిపతి ఇతడే. 600 అడుగుల నిడివి, 35 అడుగుల వెడల్పు గల ఆ వంతెన హైదరాబాదు నగరము పుట్టుటకు పదమూడేండ్ల ముందటిది. దాని ప్రక్కనే క్రొత్త వంతెన వచ్చి బండ్లు అటు మళ్ళిన తరువాత పాత వంతెనపై కూరగాయల అంగడి వెలసినది. ఆ అంగడిలో దుకాణమునకును దుకాణమునకును నడుమ గోడ లేదు, తడిక లేదు. పరచిన గోనెపట్టా అంచే సరిహద్దు. టమాటాల గుట్ట ఒకరిది, కొత్తిమీర కట్టలు వేరొకరివి. కొనవచ్చినవాడు ఆ అంచును త్రొక్కడు. నడచుటకు నడుమ దారి దానంతట అదే మిగులును.

ఇంటిలోని హాలును ఎట్లు అమర్చుకొనవలెనను ప్రశ్నకు ఆ గోనెపట్టా మంచి ఆరంభము. ఇటీవల కట్టు ఇండ్లలో ముందుగది, భోజనపుగది, వంటయిల్లు అను భేదము చాలవరకు పోయినది. మూడును కలిసి ఒకే హాలగుచున్నవి. ఇది పడమటి దేశములనుండి దిగివచ్చిన క్రొత్త పద్ధతియని మెచ్చువారు కలరు. ఆ కారణముచేతనే నిందించువారును కలరు. ఇరువురును పురానాపూల్ దర్వాజా దాటి పాతనగరపు గల్లీలలోనికి ఒకమారు పోయి చూచిన బాగుండును. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరదలో నదీతీరపు ఇండ్లు వేలకొలది కూలిపోయినవి. మిగిలినవానిలోను పలు దేవిడీలు తరువాతి కాలమున అంగళ్ళుగా, అంతస్తులుగా మారిపోయినవి. అయినను పాత ఇంటి కట్టడి ఎట్టిదో తెలిసికొనుటకు చాలినంత ఆధారము నేటికిని దొరకును.

ఆ ఇండ్లలో ప్రధానమైనది దాలాను. నడుమ ఆకాశమునకు తెరచిన ముంగిలి, దానికొక ప్రక్కగా కమానులతోనో కొయ్యకంబములతోనో నిలిచిన పొడవైన చావడి. దానికి ముందువైపు గోడ లేదు, తలుపు లేదు. ముంగిలికంటె దాలాను ఒక మెట్టు ఎత్తు. చెప్పులు ఆ మెట్టు క్రిందనే నిలిచిపోవును. లోపల ఒక ప్రక్క తఖ్తు, దానిపై తెల్లని దుప్పటి, ఆనుకొనుటకు బాలీసులు. అది పెద్దల చోటు. తక్కిన నేలపై జంపఖానా. గోడలలో గూళ్ళు, దీపమొకదానిలో, పుస్తకములొకదానిలో. కమానులకు వెదురు చిక్కులు వ్రేలాడును. ఎండవేళ వానిని దింపిన లోపలివారికి బయట కనబడును, బయటివారికి లోపల కనబడదు. వేసవిలో వట్టివేళ్ళ తడికలు కట్టి నీరు చల్లుదురు. శీతకాలమున దళసరి పరదాలు దిగును. ఉదయము పిల్లలు చదువుకొన్న చోటనే మధ్యాహ్నము దస్తర్‌ఖాను పరచి భోజనము చేయుదురు. రాత్రి ఆ చోటనే పక్కలు పడును. వస్తువులు తక్కువ, మడిచి ఎత్తి పెట్టదగినవి ఎక్కువ. గోడ చేయవలసిన పనిని మెట్టు, గుడ్డ, వెలుగు, వేళ అను నాలుగు పంచుకొనెను.

రాజప్రాసాదములలోను ఇదే నియమము కనుపించును. చౌమహల్లా ప్యాలెస్‌లోని ఖిల్వత్ దర్బారు మందిరమున స్తంభముల నడుమ చోటంతయు తెరపియే. ప్రభువు ఆసనమునకు మాత్రము పాలరాతి వేదిక ఎత్తుగా నున్నది. అడ్డుగోడ లేకయే ఎవరెక్కడ ఆగవలెనో ఆ రాతి యెత్తు చెప్పును.

తెలుగునాట మండువా లోగిలి వేరొక బాటనుండి వచ్చినను ఈ కుటుంబములోనిదే. నాలుగువైపుల చూరులు లోపలికి వాలి, వాన నడిమి దొనలో పడుచుండగా, చుట్టునున్న చావడిలో ఒకరు వత్తులు చేయుచు, ఒకరు లెక్కలు వ్రాయుచు, ఒకరు కునుకు తీయుచు ఉండగలిగిరి.

అయితే పాత ఇంటిని పొగడుటలో ఒక మోసము కలదు. ఆ తెరపి అందరిది కాదు. దేవిడీలో మర్దానా వేరు, జనానా వేరు. నడుమ గోడయో, దళసరి పరదాయో తప్పదు. లోగిలిలోను వంటయిల్లు వెనుకకు, పొగచూరిన మూలకు నెట్టబడినది. ఇంటికి వచ్చిన చుట్టము పురుషులతో మాటలాడి, స్త్రీల చేతివంట తిని, వండినవారి మొగము చూడకయే వెళ్ళిపోయిన దినములవి. నేడు వంటయింటి గోడ తీసివేసినందున పొయ్యికడ నున్నవారు సంభాషణలో పాలు పంచుకొనుచున్నారు. ఈ ఒక్క కారణమునకైనను క్రొత్త హాలును తేలికగా త్రోసివేయరాదు.

పడమట ఈ మార్పు తెచ్చినవారికి కాంక్రీటు తోడుపడెను. చికాగోలో 1910 నాటికి పూర్తియైన రోబీ గృహమున ఫ్రాంక్ లాయిడ్ రైట్ ముందుగదిని, భోజనపుగదిని ఒకే పొడవైన చోటుగా చేసి, నడుమ నెగడుగూటిని మాత్రము నిలిపెను. 1914లో లె కార్బూజియే కంబములు, పలకలు, మెట్లు మాత్రమే గల కట్టడపు నమూనాను గీచి చూపెను. బరువంతయు కంబములు మోయుచుండగా గోడ ఉన్నను లేకున్నను ఒకటియేనని దాని భావము. మన ఫ్లాట్లలో పెక్కు ఆ గీతకు సంతానమే. ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. పాతనగరపు రాతి, డంగుసున్నపు ఇండ్లు ఆ జాతివి కావు. వానిలో గోడయే బరువు మోయును. హాలు విశాలము కావలెనని ఇంజనీరును అడుగకుండ అట్టి గోడను పడగొట్టుట కప్పును పడగొట్టుటయే.

క్రొత్త ఇండ్లలో చిక్కెక్కడ వచ్చినదనగా, గోడను తీసివేసినారు గాని, గోడ లేని ఇంటిని నడిపిన ఆ నాలుగు ఉపాయములను తెచ్చుకొనలేదు. నున్నని పలకల నేల, బోసి గోడలు, పెద్ద సోఫా, దానికెదురుగా టెలివిజను. మాట గోడలకు తగిలి తిరిగివచ్చును. మిరపకాయ పోపు ముందుగదిలోని అతిథిని దగ్గించును. వీరందరికంటె ఎక్కువ నష్టపోవువాడు విద్యార్థి. పాత ఇంటిలో గూడుక్రింద వానికొక మూల ఉండెను. నేటి హాలులో పుస్తకము పట్టుకొని భోజనపు బల్లకడ కూర్చుండును, కంచములు వచ్చినంతనే లేచును, సోఫాలోనికి పోవును, వార్తలు మొదలగును, మరల లేచును. పదవతరగతి పిల్లవానికి శ్రద్ధ లేదని ఉపాధ్యాయునికి మొరపెట్టు తల్లిదండ్రులు, సాయంకాలమున వాడెన్నిమారులు చోటు మారెనో లెక్కించిన మేలు.

కావున హాలును అమర్చునపుడు సోఫాతో మొదలుపెట్టక, చదువు మూలతో మొదలుపెట్టవలెను. కిటికీ ప్రక్కన చిన్న బల్ల. కుడిచేత వ్రాయువారికి వెలుగు ఎడమనుండి రావలెను. టెలివిజను కంటికి ఆననివైపు ముఖము తిరిగియుండవలెను. ఆ బల్లకును హాలునకును నడుమ నాలుగడుగుల ఎత్తున పుస్తకముల అర నిలిపిన చాలును. కూర్చున్నవాడు దానిచాటున ఉండును, నిలుచున్న తల్లికి వాడు కనుపించును, గాలి పైనుండి సాగిపోవును. వెదురు చిక్కు చేసిన పనినే ఈ అరయు చేయును.

సోఫా వీపు భోజనపు బల్లవైపు తిరిగియున్న అదియొక పొట్టిగోడ. దానిక్రింద దళసరి జంపఖానా పరచిన హద్దును తెలియజేయును, చప్పుడును మ్రింగును. నేలలో మెట్టు మాత్రము పెట్టరాదు. దాలానులో అది అందమే గాని, చీకటిలో లేచు ముసలివారికి ప్రమాదము. మెట్టునకు బదులు దీపములను వేరుచేయుట మేలు: బల్లపై ఒకటి, పుస్తకముపై ఒకటి, కూర్చుండుచోట ఒకటి, అన్నియు ఒకేమారు వెలుగనక్కరలేదు. పొయ్యిపైన పొగను బయటికి లాగు పంకా ఉండియే తీరవలెను. హైదరాబాదులో వానకాలపు గాలి ముఖ్యముగా పడమటినుండి వీచును గనుక, ఆగ్నేయమూల పొయ్యియన్న పెద్దల మాట ఇక్కడ పొగకు సంబంధించినంతవరకు సరిపోవుచున్నది. వంటచోటికి హాలునకు నడుమ నేతగుడ్డ తెర ఒకటి కట్టియుంచిన, పోపువేళ లాగి, తరువాత తీసివేయవచ్చును.

వస్తువులు కొనుటకు ముందు చేయవలసిన పని ఒకటి కలదు. దానికి ఖర్చు లేదు. ఖాళీ హాలులో ముగ్గుపిండితో సోఫా, బల్ల, చదువు మూల ఎంతెంత మేరయో నేలపై గీయవలెను. నడుమ మూడడుగుల దారి విడువవలెను. వారముదినములు ఇంటివారందరు ఎప్పటివలె తిరుగవలెను. ఆ గీతలను ఎవరును సవరింపరాదు. ఎనిమిదవనాడు చూచిన, అడుగులు పడి ఏ గీత చెరిగినదో, ఏది చెక్కుచెదరక మిగిలినదో తెలియును. చదువు మూల గీత చెరిగిపోయిన, బల్లను ఇంకొక కిటికీకడకు జరిపి మరల గీయవలెను.